ట్రిప్ రోజు పిల్లల భోజనం

స్కూల్ వాళ్లు మా వాడిని నాగార్జునసాగర్ ట్రిప్‌కి తీసుకెళ్లారు. మధ్యాహ్నం బర్గర్, చిప్స్, కూల్‌డ్రింక్ పెట్టారట. ఆ ఎండలో తిరిగి, అది తిని, వచ్చేటప్పుడు బస్సులో పిల్లలకు ఒకటే వాంతులు. ఇంటికి చేరేదాకా మాకు టెన్షనే.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని స్కూల్ గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. మరి బస్సు ఆ గేటు దాటితే పిల్లల పొట్టలు మారిపోతాయా?

"ఎప్పుడో ఒకసారేగా" అన్నారు కొందరు తల్లిదండ్రులు. నిజమే, బర్గర్ ఇంకో రోజు తిననివ్వండి, నేనూ కొనిపెడతాను. దూర ప్రయాణం రోజు మాత్రం వద్దు. పొద్దున కలిపిన పులిహోర, అరటిపండు, సరిపడా మంచినీళ్లు చాలు. ఖర్చూ తక్కువే.

వచ్చే ట్రిప్ మెనూ ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టమని ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాం. చాలామంది సంతకాలు పెట్టారు.