నీటి మీది నుంచి తీసిన ఊళ్లు

నది ఒడ్డున ఉన్న ఊరికైనా, సముద్రపు రేవు పట్నానికైనా అసలు ముఖం నీటి వైపే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. రైలు దిగి ఆటో ఎక్కి చేరుకున్నప్పుడు మనకు ముందుగా కనిపించేది ఆ ఊరి పెరడు మాత్రమే. అందుకే ఎక్కడికి వెళ్లినా వీలు చూసుకుని పడవ ఎక్కి, ఒడ్డుకు కాస్త ఎడంగా వెళ్లాకే ఫొటో తీస్తాను. ఆ ఫొటోల్లో మెట్లూ గోపురాలూ వంతెనలూ అందరికీ కనిపిస్తాయి గానీ, ఆ సమయానికి పడవలో జరిగిన సంగతులు నాకు తప్ప ఎవరికీ తెలియవు కాబట్టి కొన్నింటిని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

కాశీలో గంగ ఉత్తరం వైపు ప్రవహిస్తుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే ఉండి, ఎదురుగా ఇసుక తిన్నెలు తప్ప మరేమీ లేకపోవడం వల్ల, పొద్దు పొడవగానే వెలుగు ఏ అడ్డూ లేకుండా నేరుగా మెట్ల మీద పడుతుంది. నా ఫొటోలో కేదార్ ఘాట్ గోడల మీది ఎర్ర తెల్ల చారలు అంత స్పష్టంగా రావడానికి కారణం ఆ ఎండే. అది మాఘమాసం. మా అమ్మ శాలువా చెవుల దాకా కప్పుకుని నా ఎడమ పక్కన కూర్చుని ఉంది. ఫొటోలో మాత్రం లేదు. నేను కెమెరా సర్దుకుంటుండగా, "కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలేయాలి కదా, నేను సీతాఫలం వదిలేశానురా" అంది. మా పెరట్లో సీతాఫలం చెట్టు ఉండేది, కాయలను బియ్యం డబ్బాలో మాగవేసి, రోజూ వేలితో నొక్కి చూసేంత ఇష్టం ఆవిడకు ఆ పండంటే. ఆ తరువాత కూడా ఏటా కాయలు మాగవేసింది, పండు విడదీసి మనవల చేతుల్లో పెట్టింది, తాను మాత్రం ఒక్క తొన కూడా నోట పెట్టుకోలేదు. చారల గోడ ఫొటో చూసి రంగులు బాగున్నాయని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ మాటే వినిపిస్తుంది.

రాజమండ్రి ఫొటోలో వంతెనలదే పెత్తనం. 1900లో రైళ్లకు తెరిచి 1997లో విశ్రాంతినిచ్చిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, ఆ తరువాత వచ్చిన ఆర్చి వంతెన మూడూ గోదావరి మీద కనిపిస్తాయి. నేను ఆర్చి వంతెనను కింది నుంచి తీయాలని పట్టుబట్టినప్పుడు, "రైలొస్తే బిళ్లలు పడతాయండి, ఇక్కడ ఆగకూడదండి" అంటూ పడవాయన తెడ్డు వేసి పక్కకు లాగారు. అంతలోనే రైలు వచ్చింది. గోదావరి తల్లికి రైల్లోంచి నాణెం వేసి దండం పెట్టుకోవడం చిన్నప్పటి నుంచి నాకూ అలవాటే అయినా, ఆ నాణేలు ఎండలో ఒక్క క్షణం మెరిసి టప్పున నీట మునగడం నేను చూసింది ఆనాడే. ఫొటోలో అవి పడలేదు.

విశాఖ సంగతి వేరు, అది మా ఇంటి కథ. మా తాతగారు కూలి పనికి రంగం, అంటే బర్మా, వెళ్లి కొన్నేళ్లకు తిరిగి వచ్చారు. అప్పటికి లోపలి హార్బరు లేదు, అది 1933లో గానీ తెరుచుకోలేదు కాబట్టి, స్టీమరు దూరాన సముద్రంలోనే లంగరు వేస్తే జనం పడవల్లో ఒడ్డుకు చేరేవారట. డాల్ఫిన్స్ నోస్ అని పిలిచే యారాడ కొండ కొస కనబడగానే ఓడ మీద ఉన్న తెలుగువాళ్లంతా లేచి నిలబడ్డారని ఆయన చెప్పగా మా నాన్నగారు విన్నారు. నేను సముద్రం మీది నుంచి తీసిన ఫొటోలో ఆ కొండ ఉంది, దాని ఎదుట, ఓడలు హార్బరులోకి వెళ్లే కాలువకు ఇవతల గుడి, చర్చి, దర్గా ఉన్న మూడు చిన్న కొండలూ ఉన్నాయి. దాన్ని పెద్దగా అచ్చు వేయించి ఇస్తే, మా నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసి, "వాళ్లకి మొదట అవుపించింది ఇదే అయ్యుంటుంది" అన్నారు.

తాతగారు ఓడ ఎక్కింది మాత్రం భీమిలిలో. గోస్తని సముద్రంలో కలిసే ఆ ఊరిని నేను ఒడ్డు నుంచే చూశాను. సముద్రం నెమ్మదించే రోజుల్లో అక్కడి జాలర్ల పడవలో వెళ్లి, ఊరు చిన్నదై కనిపించేంత దూరం నుంచి, ఆయన వెళ్లేటప్పుడు వెనుదిరిగి చూసి ఉండే వైపు నుంచి ఒక ఫొటో తీయాలని ఉంది.