కడియపులంకలో కాడ చూసి కొన్న మొక్క

ఒక మొక్క కోసం హైదరాబాదు నుంచి రాత్రంతా రైల్లో ప్రయాణించి రాజమండ్రిలో దిగడం మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అయినా నాకు రాక తప్పలేదు. రెండేళ్ల క్రితం మా కాలనీ దగ్గరి నర్సరీలో 1,200 రూపాయలు పెట్టి కొన్న పింక్ కాంగో, అంటే ఫిలోడెండ్రాన్ అనే ఇంటి ఆకుల మొక్కలో గులాబీ ఆకుల రకం, ఏడాది తిరగకముందే మామూలు ఆకుపచ్చ మొక్కగా మారిపోయింది. నీళ్లు ఎక్కువయ్యాయేమో, వెలుతురు చాలలేదేమో అని నెలల తరబడి బాధపడ్డాక తెలిసిందేమిటంటే, ఆ గులాబీ రంగు మొక్క స్వభావంలోనే లేదు. రసాయనాలతో కొన్నాళ్లపాటు తెప్పించినది. అమ్మినవారు ఆ మాట ముందే చెప్పి ఉంటే కొనేదాన్ని కాను. అందుకే ఈసారి ఫిలోడెండ్రాన్‌ను నేనే వెళ్లి, చూసి కొనాలనుకున్నాను.

స్టేషన్ బయట ఆటోవాళ్లు 400 రూపాయలకు తక్కువ రామన్నారు. పది కిలోమీటర్ల చిల్లర దూరానికి అంత ఇవ్వడానికి మనసొప్పక, రావులపాలెం బస్సెక్కి వేమగిరి దాటాక కడియపులంకలో దిగాను. హైవేకి రెండు పక్కలా నర్సరీలే కనిపిస్తున్నాయి. మొదటి మూడింటిలో ఫిలోడెండ్రాన్ అని అడిగితే మూడు వేర్వేరు మొక్కలు చూపించారు. ఒకచోట మాన్‌స్టెరా, ఒకచోట గ్జనాడు, మరొకచోట పసుపు చారల మనీప్లాంటు. గ్జనాడును ఫిలోడెండ్రాన్ అనడంలో వారి తప్పేమీ లేదు. 2018లో శాస్త్రజ్ఞులు దానిని, దాని లాంటిదే అయిన సెల్లోమ్ మొక్కను థామటోఫిల్లమ్ అనే వేరే ప్రజాతిలోకి మార్చినా, వ్యాపారంలో పాత పేరే నడుస్తోంది. మనీప్లాంటును మాత్రం ఆ పేరుతో అమ్మడం నాకు కోపం తెప్పించింది.

నాలుగో నర్సరీలో షేడ్‌నెట్ కింద కవర్లలో మట్టి నింపుతున్న పెద్దావిడను అడిగాను. "పేర్లతో మనకేం పనండీ, చిగురు చూడండమ్మా" అంటూ ఆవిడ రెండు తీగలను పక్కపక్కనే నా చేతిలో పెట్టారు. మనీప్లాంటులో కొత్త ఆకు పాత ఆకు కాడను ఆనుకుని చుట్టలా విచ్చుకుంటోంది. కాడ మీద వేలు పెడితే సన్నని గాడి తగులుతుంది. హృదయాకారపు ఆకుల ఫిలోడెండ్రాన్‌లో చిగురు ఒక పలుచని తొడుగులోంచి బయటికి వస్తోంది. పని తీరిన తొడుగు గోధుమరంగుకు తిరిగి, ఎండిపోయి కణుపు దగ్గర వేలాడుతోంది. ఆకు కూడా మనీప్లాంటు కంటే పలుచగా, మెత్తగా ఉంది. ఎన్నో ఫొటోలు చూసినా నాకు అంతుబట్టని తేడా అక్కడ రెండు నిమిషాల్లో వేళ్లకు తెలిసింది.

తరువాత పింక్ ప్రిన్సెస్ అనే మరో ఫిలోడెండ్రాన్ రకం చూశాను. ఇందులో గులాబీ రంగు మొక్కదే, అయితే ఒక్కొక్క మొక్కలో ఒక్కొక్కలా పడుతుంది. పూర్తిగా గులాబీగా ఉన్న ఆకులను చూసి ముచ్చటపడకూడదు, పత్రహరితం లేని ఆ ఆకు మొక్కకు తిండి పెట్టలేదు. కాండం మీద కూడా గులాబీ చారలు ఉన్న మొక్కను ఎంచుకుంటే ఇకపై వచ్చే ఆకుల్లో రంగు నిలిచే అవకాశం ఎక్కువ. అయితే ఇలాంటి రంగుల రకాలకు మంచి వెలుతురు కావాలి. మా బాల్కనీ ఉత్తరం వైపున ఉంది, ఎదురుగా మరో అపార్టుమెంటు. అందుకే తెల్ల గీతల బిర్కిన్ అనే రకాన్ని కూడా, ఎంత అందంగా ఉన్నా, తిరిగి పెట్టేశాను.

చివరికి మామూలు హృదయాకారపు తీగనే 80 రూపాయలకు తీసుకున్నాను. ఆవిడ ఒక పండుటాకు తుంచుతూ, ఆ రసం చేతికి అంటితే దురద పుడుతుందని హెచ్చరించగానే, చేమదుంపలు తరిగే ముందు చేతులకు నూనె రాసుకునే మా అమ్మ గుర్తుకొచ్చింది. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు, రెండింటిలోనూ దురద పుట్టించేది కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే. ఇంట్లో ఏది దొరికినా నోట్లో పెట్టుకునే ఏడాదిన్నర మనవరాలు ఉంది కనుక, తీగను కుండీతో సహా పైకప్పు కొక్కానికి వేలాడదీయాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

కవరులోని బంకమట్టి అపార్టుమెంటులో ఆరదని, ఇంటికెళ్లాక సగం దులిపి కొబ్బరిపొట్టు కలపమని చెప్పి, ఆవిడ తీగను పాత న్యూస్‌పేపరులో చుట్టి ఇచ్చారు. చిగురు తొడుగును మాత్రం చేత్తో ఒలవవద్దని, దానంతట అదే రాలాలని రెండుసార్లు చెప్పారు.