మందిర ద్వారమునొద్ద

“భక్తిహీనుల గుడారములలో నివసించుటకంటె నా దేవుని మందిర ద్వారమునొద్ద నుండుట నాకిష్టము” అనే బైబిలులోని 84వ కీర్తన పదో వచనాన్ని చిన్నప్పటినుంచి కంఠతా చెబుతూనే ఉన్నాను గాని, అది ఒక మనిషి చేసే పని గురించిన మాట అని నాకు తెలియజేసినది మాత్రం చిత్తూరులో మేము ఆరాధించే సంఘంలోని ఒక తాతగారు. ఆయన నలభై ఏళ్లకు పైగా ప్రతి ఆదివారం మొదటి గంటకు ముందే వచ్చి తలుపులు తెరిచి, మెట్లు చిమ్మి, రెండో గంట కూడా తానే కొట్టి, ఆరాధన ముగిసేవరకు గుమ్మం పక్కనే ఉండేవారు. జీతం లేదు, కమిటీలో స్థానమూ లేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయిన రోజుల్లో, కాయల కాలం వచ్చి శనివారం రాత్రంతా పని చేసినా, తెల్లవారేసరికి తాళంచెవులతో గేటు దగ్గర కనిపించేవారట.

ఈ కీర్తన శీర్షికలో ‘కోరహు కుమారులది’ అని ఉంటుంది. ఆ పేరు దగ్గర కొంచెం ఆగాలి. సంఖ్యాకాండము 16వ అధ్యాయంలోని కోరహు లేవీయుడు, అంటే దేవుని ఆరాధన గుడారపు సేవకు నియమితమైన గోత్రంవాడు, అందులోనూ పరిశుద్ధ వస్తువులను భుజాల మీద మోసే కహాతు వంశంవాడు. ఆ సేవ అతనికి చాలలేదు. యాజకత్వమే కావాలని 250 మంది ప్రధానులను వెంటబెట్టుకొని మోషే అహరోనుల మీదికి లేచాడు. గుడారపు సేవకై దేవుడు మిమ్మల్ని తన దగ్గరికి చేర్చుకోవడం మీకు అల్పంగా కనిపించిందా అని మోషే అడిగిన ప్రశ్నకు కోరహు దగ్గర జవాబు లేదు. తిరుగుబాటుదారుల కింద నేల నోరు తెరిచింది. అయితే పది అధ్యాయాల తరువాత, జనాభా లెక్కల మధ్యలో, కోరహు కుమారులు చావలేదని ఒక చిన్న వాక్యం ఉంది. తండ్రి పైమెట్టు కోరి పోగొట్టుకున్న కుటుంబానికి తరువాతి తరాల్లో దొరికిన పని ఏమిటో మొదటి దినవృత్తాంతముల గ్రంథం తొమ్మిదో అధ్యాయం చెబుతుంది: వాళ్లు గుడారపు ద్వారాలకు కావలివారు. అదే అధ్యాయంలో ద్వారపాలకులు మొత్తం 212 మంది అని లెక్క ఉంది. వారిలో తమ ఊళ్లలో ఉండేవారు ఏడేసి దినాలకు వంతులవారీగా వచ్చేవారనీ, ముఖ్యులైన నలుగురు మందిరం చుట్టూ రాత్రులు గడిపి, ప్రతి ఉదయం తలుపులు తెరిచేవారనీ కూడా ఆ గ్రంథకర్త ఓపికగా రాశాడు. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ తొలినాళ్ల కేంద్రాలలో చిత్తూరు ఒకటి గనుక మా ప్రాంతపు సంఘాల చరిత్ర చెప్పేటప్పుడు దాన్ని స్థాపించిన అమెరికా మిషనరీలు స్కడ్డర్ల పేర్లు తప్పక వస్తాయి. తలుపులు తీసినవాళ్లను ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు.

తెలుగు బైబిలులో ‘ద్వారమునొద్ద నుండుట’ అని ఉన్నచోట హెబ్రీ మాటకు మూలం గడప. ప్రధాన గాయకునికి ఇచ్చే కీర్తనలు కట్టగలిగినవారు తమకు గడప చాలునన్నారు. మా వైపు వారికి ఇది పరాయి భావన కాదు. తిరుమల గర్భాలయం గడపను కులశేఖర పడి అంటారు, స్వామి వాకిట మెట్టుగా పడి ఉండాలని పాడిన ఆళ్వారు పేరు మీద. మతం వేరైనా, ఆ కోరిక ఎలాంటిదో ఈ నేల మీద పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తాతగారి దగ్గర నేను నేర్చుకున్నది వినయం అంటే సగమే చెప్పినట్టు. గడప దగ్గర ఉన్నవారికి లోపలివారికి తెలియని సంగతులు తెలుస్తాయి. ప్రసంగ వేదిక మీదినుంచి అయ్యగారికి వచ్చినవారి ముఖాలు కనిపిస్తాయి. తాతగారికి రానివారు కనిపించేవారు. మేము చెప్పులు బయటే విడిచి లోపలికి వెళతాం. ముసలివారు దిగగానే కాళ్లు దూర్చుకోవడానికి వీలుగా వాటి కొసలు వీధివైపు తిప్పి పెట్టడం ఆయన అలవాటు. అలా తిప్పుతూ తిప్పుతూ ఎవరి చెప్పులు ఏవో ఆయనకు గుర్తుండిపోయాయి. ఒకసారి ఆరాధన అయ్యాక సైకిలు తీస్తుంటే ఎక్కడికని అడిగాను. “ఆయమ్మ చెప్పులు రెండు వారాలుగా కనపడలేదు నాయనా, పోయి చూసొస్తా” అన్నారు. ఆయన చెప్పిన ఆమె ఒంటరిగా ఉండే విధవరాలు, జ్వరంతో మంచాన ఉంది. మా హాజరు పుస్తకంలో ఆ సంగతి లేదు.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. నేను యువజనుల కార్యదర్శిగా ఉన్న ఏడాది, కోత పండుగ రోజున ఆయనను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పాలని పట్టుబట్టాను. అందులో ఆయన మీది గౌరవం ఎంతో, నా ఏర్పాటు నలుగురూ మెచ్చుకోవాలన్న ఆశ ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను. గుమ్మడికాయలు, చెరకు గడలు, బెల్లం దిమ్మెల మధ్య ఆయన ఇబ్బందిగా కూర్చున్నారు. శాలువా కప్పడం అయ్యిందో లేదో బయట వాన మొదలైంది. ఆయన లేచి, సభకు వందనాలు చెప్పి, గబగబా నడిచి వెళ్లిపోయారు. మెట్ల మీది చెప్పులు తడిసిపోతున్నాయని వాటిని వరండాలోకి చేర్చడానికి. నేను రాసుకున్న సన్మాన పత్రం వినడానికి మనిషి లేడు.

ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. గంట తాడు వేరొకరు లాగుతున్నారు. ఆయన గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. పోయిన నెల ఒక ఆదివారం నేను ఆలస్యంగా వెళ్లాను. ప్రసంగం అప్పటికే మొదలైంది. ముందు వరుసలో నా చోటు ఖాళీగా కనిపిస్తోంది. ఆయన చెయ్యి చాచి నన్ను ఆపారు. “ఆ వేపచెట్టు కింద ఒక పిల్లోడు నిలబడుండాడు, శానాసేపయింది. లోపలికి రావాలని ఉంది, రాలేకుండాడు. నాకు మెట్లు దిగను మోకాళ్లు లేవు, నువ్వు పోయి మాట్లాడు నాయనా” అన్నారు.

నేను ఒకసారి లోపలికి చూసి, మెట్లు దిగాను. ఆ రోజు ప్రసంగం దేని మీదో నాకు తెలియదు.