ఫ్యాక్టరీ తిరిగివస్తే జీతం తిరిగివస్తుందా

మా టూల్ రూములో, అంటే అచ్చులు సరిచేసే విభాగంలో, ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన పెద్దాయన మొన్న మార్చిలో పదవీ విరమణ చేశారు. డెట్రాయిట్‌కు ఉత్తరాన, మేకోంబ్ కౌంటీలో, కార్ల కంపెనీలకు రేకు భాగాలు తయారుచేసి ఇచ్చే ఒక మోస్తరు కర్మాగారం మాది. నేను అక్కడ డై డిజైన్ ఇంజనీరును. డై అంటే రేకును నొక్కి కారు భాగం ఆకారంలోకి తెచ్చే ఉక్కు అచ్చు. కంప్యూటరులో నేను గీసిన డై ఎంత సరిగ్గా ఉన్నా, ఉక్కులో తయారై వచ్చాక మొదటి దెబ్బకే మంచి భాగాన్ని ఇవ్వదు. ఆ పెద్దాయన డై ముఖానికి నీలం రంగు పూసి, రేకు పెట్టి, ప్రెస్సును మెల్లగా దించి, మళ్లీ ఎత్తి, రేకుకు నీలం ఎక్కడ గట్టిగా అంటిందో, ఎక్కడ అసలు అంటలేదో చూసేవారు. గట్టిగా అంటిన చోట డైని రాయితో అరగదీసి, తుడిచి, మళ్లీ పూసేవారు. ఒక్కో ఫెండరు డైకి ఇలా వారాలు పట్టేది. ఆయన వేలితో తడిమి ఎత్తుగా ఉందన్న చోట నేను గేజి పెట్టి చూస్తే నిజంగానే ఒకటి రెండు థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) తేడా ఉండేది.

ఆయన చదివింది హైస్కూలు, ఆ పైన నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్పు. ఆ పని మీదనే ఇల్లు కొన్నారు, ఇద్దరు పిల్లలను కాలేజీ చదివించారు, భార్య గుండె ఆపరేషనుకు అప్పు చేయవలసిన అవసరం రాలేదు. అమెరికా మధ్యతరగతి అంటే ఒకప్పుడు ఇదే. ఫ్యాక్టరీలను వెనక్కి తెస్తే ఆ బతుకు కూడా వెనక్కి వస్తుందని ఇప్పుడు రెండు పార్టీల నాయకులూ చెబుతున్నారు. ఆ మాటలో సగమే నిజమని నా నమ్మకం. ఫ్యాక్టరీ పని పుట్టుకతో మంచి ఉద్యోగం కాదు. మనుషులు పట్టుబట్టి దానిని మంచి ఉద్యోగంగా మార్చుకున్నారు.

1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్లు ప్రకటించడం గురించి అందరూ చెబుతారు గానీ, అంతకు ముందు ఏడాది సుమారు 14,000 మంది పనివారిని నిలుపుకోవడానికి ఆ కంపెనీ 52,000 మందిని చేర్చుకోవలసి వచ్చిందన్న సంగతి ఎవరూ చెప్పరు. ఆ పని అంత దుర్భరంగా ఉండేది, జనం అంత త్వరగా వదిలి పారిపోయేవారు. 1936 డిసెంబరు చివర మిషిగన్‌లోని ఫ్లింట్ పట్టణంలో జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ కార్మికులు యంత్రాల పక్కనే బైఠాయించి, గడ్డకట్టే చలిలో నలభై నాలుగు రోజులు బయటికి రాకుండా కూర్చుంటే తప్ప కంపెనీ వారి సంఘాన్ని గుర్తించలేదు. 1950లో వాల్టర్ రూథర్ నాయకత్వంలోని ఆ సంఘమే జనరల్ మోటార్స్‌తో ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. ధరలు పెరిగితే జీతం దానంతటదే పెరగాలి, ఉత్పాదకత పెరుగుదలలో ఏటా కార్మికుడికీ వాటా రావాలి, పింఛను ఉండాలి, ఆరోగ్య బీమాలో సగం కంపెనీ భరించాలి: ఇవీ అందులోని షరతులు. బదులుగా ఆ ఐదేళ్లూ సమ్మెలు ఉండవని సంఘం మాట ఇచ్చింది. పెద్దాయన బతుకు నిలబడింది ఆ కాగితం మీదనే అని నేను అనుకుంటాను.

1979లో అమెరికా కర్మాగారాలలో సుమారు కోటీ 95 లక్షల మంది పనిచేసేవారు. 2010 నాటికి వారు కోటీ 15 లక్షలకు పడిపోయారు. యంత్రాలు కొంత కారణం, 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తరువాత వెల్లువెత్తిన దిగుమతులు కొంత. అయితే ఉద్యోగం మిగిలిన చోట కూడా జీతం మిగలలేదు. 2007లో సంఘం చేసుకున్న ఒప్పందంతో డెట్రాయిట్ కార్ల కంపెనీలలో కొత్తగా చేరినవారిలో చాలామంది, పక్కన నిలబడి అదే బోల్టు బిగించే పాతవారి జీతంలో సుమారు సగానికి, గంటకు 14 డాలర్లకు పనిచేయవలసి వచ్చింది. 2009లో ధరలతోపాటు జీతం పెరిగే షరతు కూడా ఆగిపోయింది. దానిని తిరిగి తెచ్చుకోవడానికి 2023లో ఆరు వారాల సమ్మె చేయవలసి వచ్చింది.

ఇంజనీర్ల సంగతి వేరని మన తెలుగువారు అనుకుంటారు. డెట్రాయిట్ శివారు ఊళ్లయిన ట్రాయ్‌లో, నోవైలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటూ కాంట్రాక్టు కంపెనీల ద్వారా కార్ల పరిశ్రమలో పనిచేసే మనవారిని అడిగి చూడండి. హెచ్-1బి వీసాకు ప్రభుత్వం నిర్ణయించే జీతానికి నాలుగు అంచెలు ఉన్నాయి. అందులో మొదటి రెండూ ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న మధ్యస్థ జీతం కంటే తక్కువ. నన్ను మొదట తీసుకువచ్చిన కంపెనీ రెండో అంచెలో పెట్టి, ఆరేళ్లు అక్కడే ఉంచింది. గ్రీన్ కార్డు దరఖాస్తు వారి చేతిలో ఉంది కనుక నేను నోరెత్తలేదు. నా మౌనం వల్ల పక్క బల్ల దగ్గర కూర్చున్న అమెరికన్ ఇంజనీరు జీతం కూడా పెరగకుండా ఆగిపోయిందని నాకు అప్పట్లో తట్టలేదు. ఈ మాట రాయడం నాకు సులువుగా లేదు.

పెద్దాయన స్థానానికి మా కంపెనీ ప్రకటన ఇచ్చి నెలలు గడిచాయి. ఒక కుర్రవాడు వచ్చి, రెండు వారాలు శ్రద్ధగా నేర్చుకుని, గోదాములో గంటకు ఒక డాలరు ఎక్కువ ఇస్తున్నారని వెళ్లిపోయాడు. నైపుణ్యం ఉన్నవారు దొరకడం లేదని యాజమాన్యం ప్రతి సమావేశంలోనూ అంటోంది. ఆ ప్రకటనలో రాసిన గంట రేటును పెద్దాయన ఇంటికి వెళ్లినప్పుడు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, తనకు 2000లో ఇచ్చిన రేటు కూడా ఇదేనని చెప్పారు.