రైలు ఊరికి ఒక గూడ్స్ షెడ్డు: నా అనుభవం

నా బొమ్మ రైలు ఊరి కోసం తెచ్చుకున్న చిన్న గూడ్స్ షెడ్డు కిట్ పెట్టె తెరిస్తే లోపల రబ్బరు బ్యాండు వేసిన సన్న పుల్లల కట్టలు, గీతలు చెక్కిన నాలుగు బాస్‌వుడ్ (మెత్తటి, తేలికైన చెక్క) పలకలు, ఒక కవర్లో తెల్ల లోహంతో పోతపోసిన చిన్న సామాన్లు, కట్టబోయే బొమ్మ షెడ్డు సైజులోనే గీసిన కాగితం నమూనా ఉన్నాయి. మామూలు ప్లాస్టిక్ కిట్‌లో గోడలు అచ్చుపోసి వస్తాయి, అతికిస్తే భవనం నిలబడుతుంది. ఇది క్రాఫ్ట్స్‌మన్ కిట్, ఇందులో కోత, రంగు, పాతబడిన తీరు అన్నీ మన చేతి పనే. ఇలాంటి కిట్లకు పేరు తెచ్చిన జార్జ్ సెలియోస్ 1967లో ఫైన్ స్కేల్ మినియేచర్స్ అనే కిట్ల కంపెనీ మొదలుపెట్టారు. ఆయన కట్టిన బొమ్మ ఊళ్ల ఫోటోల్లో వెలిసిన గోడలు, మసిబారిన చూర్లు చూసి చూసి, నా రైలు ఊళ్లోనూ అలాంటి కట్టడం ఒక్కటైనా ఉండాలనుకున్నాను.

నాది హెచ్‌ఓ స్కేల్. అసలు కొలతలో 87వ వంతు. ఒక అడుగు ఇక్కడ 3.5 మిల్లీమీటర్లు, ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లు. అసలు షెడ్డులో రెండంగుళాల మందం ఉండే చెక్క ఇక్కడ అర మిల్లీమీటరు పైచిలుకు. ఆ లెక్కన బ్లేడు ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా గుమ్మం వంకర కనిపిస్తుంది. అందుకే మొదటి రోజు జిగురు మూత కూడా తీయలేదు. సూచనలు రెండుసార్లు చదివి, ప్రతి పుల్లనూ నమూనా మీద పెట్టి చూసుకున్నాను.

అంత ఓపిక పట్టినవాడిని రెండో రోజు తొందరపడ్డాను. పొడవాటి గోడ తీసుకుని, నీళ్లు కలిపిన బూడిద రంగు ముందువైపు మాత్రమే వేసి ఆరబెట్టాను. కాసేపటికి వచ్చి చూస్తే గోడ పడవలా వంగిపోయి ఉంది. గుండె జారిపోయింది. పలుచటి చెక్క ఒకవైపే తడి పీల్చుకుంటే ఆ వైపే ఉబ్బుతుంది, రెండో వైపు ఉన్నచోటే ఉంటుంది, మధ్యలో పలక వంగక తప్పదు. వెనకవైపు కూడా కొద్దిగా తడిపి, రెండు కాగితాల మధ్య పెట్టి, పైన గాజు పలక, దాని మీద బరువైన పుస్తకాలు ఉంచాను. తెల్లారేసరికి చాలావరకు సాపయింది.

మిగతా మూడు గోడలకు వరస మార్చాను. ముందు వెనకవైపు, గీతలకు అడ్డంగా, 3 మిల్లీమీటర్ల చదరపు పుల్లలు అతికించి బలం ఇచ్చాను. ఆ తర్వాతే రంగు, అదీ రెండువైపులా. నీళ్ల రంగు మానేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని చుక్కల ఇండియా ఇంక్ (చిక్కటి నల్ల సిరా) కలిపి వాడాను. ఆల్కహాల్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి చెక్క అంతగా వంగదు, పైగా ఏళ్ల తరబడి ఎండకు ఎండిన బూడిద రంగు అచ్చంగా వస్తుంది. కిటికీలు తెరిచి చేయాల్సిన పని ఇది, ఆ వాసన తల పట్టేస్తుంది.

వెలిసిన పెయింటు కోసం ఇంకు ఆరిన గోడ మీద టర్పెంటైన్ పల్చగా రాసి, పైన క్రీమ్ రంగు ఆక్రిలిక్ అద్ది, అది పూర్తిగా గట్టిపడకముందే టేపు నొక్కి లాగాను. అక్కడక్కడా పెచ్చులు లేచి కింద బూడిద చెక్క బయటపడింది. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చిన క్షణం అదే.

మూలలు కలిపేటప్పుడు మూలమట్టం చేతిలోంచి వదల్లేదు. ఒక మూల లంబంగా లేకపోతే కప్పు కూర్చోదు. ఒకచోట మాత్రం రంగు వేయని పుల్లను అతికించాను, జిగురు పక్కకు కారింది. జిగురు పీల్చిన చెక్క ఇంకు పీల్చదు, అక్కడ తెల్ల మచ్చ ఉండిపోయింది. కిట్‌లో వచ్చిన వాన నీళ్ల పీపాను ఆ మూలకు జరిపాను. అప్పటినుంచి కోయకముందే కట్ట మొత్తానికి రంగు వేసి, కోసిన కొసలకు మాత్రం కుంచెతో ఇంకు తాకిస్తున్నాను.

కిటికీల్లో పారదర్శక షీటు పెట్టడానికి సూపర్‌గ్లూ వాడకండి. దాని ఆవిరికి షీటు మీద పొగమంచులా తెల్లటి పొర కమ్ముతుంది. తెల్ల జిగురు చుక్క చాలు. కప్పు పని నెమ్మదిగా సాగినా సులువే: పెన్సిల్‌తో గీతలు గీసుకుని, చూరు నుంచి కొప్పు దాకా కాగితపు పెంకుల వరసలు, పై వరస అతుకు కింది వరస అతుకు మీద పడకుండా.

చివరగా పేస్టెల్ సుద్దను గరుకు కాగితం మీద రుద్ది, ఆ పొడిని మెత్తటి కుంచెతో చూరు కింద మసిగా, తలుపు కీళ్ల కింద తుప్పు చారలుగా దిద్దాను. పైన మ్యాట్ స్ప్రే (మెరుపు లేని పూత) కొడితే ఆ పొడి సగం మాయమవుతుందని పనికిరాని పలక ముక్క మీద చూసి తెలుసుకున్నాను. అందుకే షెడ్డు మీద స్ప్రే కొట్టలేదు. ఎత్తేటప్పుడు అడుగు పట్టుకుని ఎత్తుతున్నాను.

షెడ్డును బోర్డుకు అంటించేముందు, నా దగ్గరున్న అన్నిటికంటే పొడవైన వ్యాగన్‌ను ఆ లైన్ మీద చేత్తో మెల్లగా తోశాను. వంపు దగ్గర వ్యాగన్ నడుము లోపలికి వచ్చి ప్లాట్‌ఫారం అంచును గీసింది. షెడ్డును 2 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి మళ్లీ తోశాను. ఈసారి తగలకుండా వెళ్లి, వ్యాగన్ తలుపు సరిగ్గా షెడ్డు తలుపు ఎదురుగా ఆగింది. అప్పుడు జిగురు పెట్టాను.