జాలీ బాయ్ దీవిలో ఒక ఉదయం

వండూర్ రేవు నుంచి మడ అడవుల అంచున పడవలో సాగి, నిన్న అండమాన్‌లోని జాలీ బాయ్ దీవికి చేరుకున్నాను. ఇది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోనిది. ఇక్కడ ప్లాస్టిక్‌ను నిషేధించారు, అది ఎంతో సబబైన నియమం.

గాజు అడుగున్న పడవలోంచి చూసినప్పుడు, జింక కొమ్ముల్లా చాచుకున్న పగడాల నడుమ చిలకచేపలు తిరుగుతుంటే, ఆ దిబ్బనంతటినీ కట్టినవి అతి చిన్న జీవులేనన్న తలపుతో నాకు చాలాసేపు మాట రాలేదు. ఒకచోట మాత్రం పగడాలు తెల్లబారి కనిపించాయి. నీరు వేడెక్కినప్పుడు, తమలో నివసిస్తూ ఆహారాన్నీ రంగునూ ఇచ్చే నాచును అవి వెలివేయడమే ఆ తెలుపునకు కారణమని తెలిసినందువల్ల మనసు మరింత నొచ్చుకుంది.

ఒడ్డునే మొదలయ్యే సతతహరితారణ్యపు నీడలో కూర్చున్నప్పుడు, వానకు మట్టి కొట్టుకుపోకుండా వేళ్లతో పట్టి ఉంచి, పగడాలకు తేట నీటిని మిగులుస్తున్నది ఈ చెట్లే కదా అనుకున్నాను.