1941 రూజ్వెల్ట్ ప్రమాణస్వీకార మెడల్ నా చేతికి ఎలా వచ్చిందంటే

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. తెనాలిలో చదువుకునే రోజుల్లో అర్ధణాలు, చిల్లు కానీలు ఒక హార్లిక్స్ సీసాలో దాచేవాడిని, అమెరికా వచ్చాక ఉద్యోగం, పిల్లలు, ఇల్లు, ఈ గొడవల్లో ఆ సరదా మర్చిపోయాను. మళ్ళీ అంటుకుంది 2017లో. ఒక ఆదివారం పొద్దున ఫ్లీ మార్కెట్లో తిరుగుతుంటే ఒక బల్ల మీద పెద్ద కంచు బిళ్ళ, ఒక పక్క లింకన్ ముఖం, తిప్పితే "ఇనాగురేటెడ్ ప్రెసిడెంట్, మార్చ్ 4, 1861" అని రాసుంది. అమ్మే ఆయన "లింకన్ ఇనాగురల్ మెడల్ సార్" అన్నాడు. 15 డాలర్లు. లింకన్ ప్రమాణం చేసిన రోజు మెడల్ నాకు 15 డాలర్లకి దొరికిందని ఇంటికొచ్చేదాకా గుండె దడదడలాడింది నిజంగా.

తర్వాత నెల మా ఊరి కాయిన్ క్లబ్‌కి పట్టుకెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు, ఎనభై దాటుంటాయి, ఆయన లింకన్ ముఖం వైపు చూడనేలేదు, మెడల్‌ని నిలువుగా పట్టుకుని అంచంతా వేలితో తడుముతూ తిప్పి చూశారు. ఇది యూఎస్ మింట్ వాళ్ళు, అంటే ఇక్కడి ప్రభుత్వ టంకశాల, ప్రెసిడెంట్లందరికీ వరసగా వేసే సిరీస్‌లోది, ఎన్నేళ్ళైనా మళ్ళీ మళ్ళీ కొట్టి అమ్ముతూనే ఉంటారు, అసలు అఫీషియల్ ఇనాగురల్ మెడల్ అంటే ఆ ప్రమాణస్వీకారం ఏర్పాట్లు చూసే ఇనాగురల్ కమిటీ చేయించేది, అది 1901లో ప్రెసిడెంట్ మెకిన్లీ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు మొదలైంది, లింకన్ కాలంలో ఆ పద్ధతే లేదు అని చాలా నెమ్మదిగా చెప్పారు. ఆఖర్న ఒక్క మాటన్నారు: ముందు అంచు చూడు, ముఖం తర్వాత చూద్దువుగాని. ఈ ఏడెనిమిదేళ్ళలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే.

లింకన్ బిళ్ళని పారెయ్యలేదు, బాగుంటుంది, మా అమ్మాయి టేబుల్ మీద పేపర్‌వెయిట్‌గా ఉంది ఇప్పుడు.

సరే అఫీషియల్‌వి మొదలుపెడదాం అనుకుని కెన్నెడీది వెతికాను, 1961ది. కంచువి వేలల్లో కొట్టారు కాబట్టి సులువుగా దొరుకుతుంది, ఖరీదూ తక్కువే. 2.75 అంగుళాలు అడ్డం, చేతిలో పెట్టుకుంటే అరచేయి నిండిపోతుంది. ఆన్‌లైన్‌లో ఒకటి చూసి కొనేశాను, అంచు ఫోటో కూడా అడిగాను, దాన్ని కొట్టిన మెడలిక్ ఆర్ట్ కంపెనీ పేరు చిన్న అక్షరాల్లో స్పష్టంగా ఉంది. వచ్చాక పెట్టె విప్పితే తళతళా మెరుస్తోంది. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. అట్లతద్దికి ముందు అమ్మ చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె మెరుపు అది. ఎవరో పాలిష్ చేసేశారు.

మెరిస్తే మంచిదే కదా అని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ మెడల్ తయారయ్యే తీరు వేరు. శిల్పి ముందు పెద్ద పళ్ళెం అంత సైజులో బొమ్మ చేస్తాడు, దాన్ని రిడక్షన్ మెషీన్ మీద పెడితే ఒక సూది ఆ పెద్ద బొమ్మని తడుముతూ పోతుంటే ఇంకో చివర ఉన్న కత్తి అదే ఆకారాన్ని చిన్న సైజులో ఉక్కులో చెక్కుతుంది. ఆ అచ్చుతో కంచు బిళ్ళని ప్రెస్‌లో కొడతారు, ఒక్క దెబ్బకి రాదు, గీత లోతు ఎక్కువ కదా, కొట్టి, కొలిమిలో వేడి చేసి మెత్తబరిచి, మళ్ళీ కొట్టి, ఇలా కొన్నిసార్లు. అప్పుడు బయటికొచ్చేది కొత్త బిందెలాగే మెరుస్తుంది. ఆ తర్వాత రసాయనాలతో గోధుమ రంగు తెప్పించి, ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే ముక్కు, చెంప, నుదురు, అక్కడ మాత్రం కొంచెం రుద్దుతారు. అందుకే కళ్ళ గుంటల్లో నీడ ఉంటుంది, ముఖం బతికొచ్చినట్టు కనిపిస్తుంది. పాలిష్ చేస్తే ఆ నీడంతా పోతుంది. అది శిల్పి పనిలో భాగం, మురికి కాదు. పోయిందాన్ని తిరిగి తేవడం మన చేతిలో లేదు. అప్పట్నుంచి నేను నాణేల వాళ్ళు వాడే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా మానేశాను, వాటిలోంచి ఆకుపచ్చ జిగురు దిగి కంచుని తినేస్తుంది, దిగితే అసిటోన్‌లో ముంచి తియ్యాలి గానీ గుడ్డతో రుద్దకూడదు.

పాలిష్ లేని కెన్నెడీ ఇంకోటి కొన్నాను. దాని శిల్పి పాల్ మాన్‌షిప్. పేరు చూస్తే ఎక్కడో విన్నట్టుంది, వెతికితే రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో బంగారు రంగు ప్రొమీథియస్ విగ్రహం చేసింది ఆయనే! మన ఊళ్ళనుంచి ఎవరొచ్చినా న్యూయార్క్ తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టి ఫోటో తీస్తాం, నేనే ఒక ఇరవైసార్లు తీసుంటాను. అక్కణ్ణుంచి నాకు వేరే లోకం తెరుచుకుంది. 1953 ఐసెన్‌హోవర్ మెడల్ చేసిన వాకర్ హాంకాక్, ఫిలడెల్ఫియా 30వ వీధి స్టేషన్లో చనిపోయిన సైనికుణ్ణి పైకెత్తుకున్న ఆ పెద్ద దేవదూత విగ్రహం ఆయనదే. 1965 జాన్సన్ మెడల్ చేసిన ఫెలిక్స్ డి వెల్డన్, ఆర్లింగ్టన్‌లో జెండా ఎత్తుతున్న సైనికుల విగ్రహం ఆయనది. ఊరు ఊరంతా తలెత్తి చూసే విగ్రహాలు చేసిన చేతులే ఈ అరచేతి బిళ్ళలూ చేశాయి. నేను ప్రెసిడెంట్ల కోసం కొనడం మానేసి శిల్పుల కోసం కొనడం అప్పుడు మొదలైంది.

ఒక్కటి మాత్రం శిల్పి కోసం కాదు, చరిత్ర కోసమే దగ్గర పెట్టుకున్నాను, 1973ది. కెన్నెడీ అర్ధ డాలర్ మీద ముఖం చెక్కిన గిల్‌రాయ్ రాబర్ట్స్ చేశాడు, ప్రెసిడెంట్ నిక్సన్, వైస్ ప్రెసిడెంట్ ఆగ్న్యూ ఇద్దరి ముఖాలూ ఒకదాని వెనక ఒకటి. ఆ అక్టోబర్లోనే ఆగ్న్యూ రాజీనామా, తర్వాత ఏడాది ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా. ప్రమాణం చేసి పంతొమ్మిది నెలలైనా నిండకుండా మెడల్ మీదున్న ఇద్దరూ వెళ్ళిపోయారు. దాని పక్కనే, నిక్సన్ తర్వాత ప్రెసిడెంట్ అయిన ఫోర్డ్ 1974 మెడల్ పెట్టాను. ఊరేగింపు లేదు, డాన్సులు లేవు, వైట్ హౌస్ ఈస్ట్ రూమ్‌లో ప్రమాణం చేశాడు, అయినా మెడల్ మాత్రం వేశారు. ఈ రెండూ పక్కపక్కన చూస్తే నాకు ఏదోలా అవుతుంది.

ఇక అసలు విషయం. మా నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, రౌండ్ టేబుల్ సమావేశాలు ఆయన పాఠం చెప్తే పక్క క్లాసు వాళ్ళు కూడా వినేవాళ్ళు. శిల్పుల గురించి చదువుతుంటే జో డేవిడ్సన్ దగ్గర ఆగిపోయాను. 1931లో గాంధీ గారు రెండో రౌండ్ టేబుల్ కోసం లండన్ వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుని ఆయన ముఖాన్ని మట్టిలో చేసిన శిల్పి. అదే మనిషి పదేళ్ళ తర్వాత 1941లో రూజ్వెల్ట్ మూడోసారి ప్రమాణం చేసినప్పుడు మెడల్ చేశాడు. మూడోసారి ప్రమాణం చేసిన ప్రెసిడెంట్ ఆ దేశంలో ఆయనొక్కడే, ఇక ఎవరూ చెయ్యకుండా తర్వాత రాజ్యాంగమే మార్చారు. ఎలాగైనా అది తెచ్చి నాన్న చేతిలో పెట్టాలి అనిపించింది.

కెన్నెడీది దొరికినట్టు ఇది దొరకదు. మొదటిది ఒక అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో వచ్చింది, ముందూ వెనకా ఫోటోలు బాగున్నాయి, అంచు ఫోటో లేదు, అడిగితే ఊరికి వెళ్తున్నా వచ్చాక పెడతా అన్నాడు, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమో అన్న తొందరలో నేను ఆగలేదు. వచ్చాక వేలుపెట్టి తడిమితే పైన సరిగ్గా పన్నెండు గంటల చోట చిన్న గరుకు. లెన్స్ పెట్టి చూస్తే ఆకురాయి గీతలు, కొద్దిగా టంకం రంగు. ఎవరో ఎప్పుడో గొలుసుకి తగిలించుకోడానికి కొంకీ అతికించి, తర్వాత దాన్ని తీసేసి అరగదీశారు. వాపసు తీసుకోమంటే పాతవి ఇలాగే ఉంటాయి అన్నాడు, ఫోటోలు తీసి పంపి, మూడు వారాలు ఉత్తరాలు నడిచాక డబ్బు తిరిగొచ్చింది, పోస్టేజ్ మాత్రం రాలేదు. రెండోది వేలంలో వచ్చింది. నేను 150 దాకా అనుకుని కూర్చున్నా, గెలిచినవాడు కట్టే కమిషన్ 20 శాతం పైన ఉంటుందని లెక్కేసుకుంటే నా చెయ్యి ఆగిపోయింది, పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి బాల్టిమోర్ కాయిన్ షోలో. పొద్దున్నే డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. అంతా నాణేలే, మెడల్స్ పెట్టేవాళ్ళు నలుగురైదుగురే, మధ్యాహ్నం మూడైంది, కాళ్ళు పీకుతున్నాయి, ఒకావిడ బల్ల కింద అట్టపెట్టెలో ఇంకొన్ని ఉన్నాయి చూసుకోండి అంది. అడుగున కాగితంలో చుట్టి ఉంది. ముఖం చూడలేదు నేను. అంచు పట్టుకుని చుట్టూ తడిమాను. నున్నగా ఉంది. రెండోసారి తడిమాను. అప్పుడు తిప్పి చూస్తే రూజ్వెల్ట్, కళ్ళ కింద నీడ అలాగే ఉంది. 180 అంది, 165కి ఇచ్చింది.

నాన్న, అమ్మ 2025 జనవరికి ఇక్కడే ఉన్నారు. 20వ తేదీ అందరం టీవీ ముందు కూర్చున్నాం, చలికి ట్రంప్ ప్రమాణం కాపిటల్ భవనం లోపల రొటండాలో పెట్టారు, వైస్ ప్రెసిడెంట్ వాన్స్ భార్య ఉషా బైబిల్ పట్టుకుని నిలబడితే అమ్మ "మన వడ్లూరు వాళ్ళమ్మాయే" అని ఫోన్లో చెల్లికి చెప్తూనే ఉంది. ఆ సందడి అయ్యాక మెడల్ తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. జో డేవిడ్సన్ సంగతి చెప్పాను. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఒరేయ్, అయితే గాంధీ గారి ముఖం తడిమిన చెయ్యేనా ఇది చేసింది?"

"అవును నాన్నా."

ఆయన ఇంకేం అనలేదు, కాఫీ చల్లారిపోతున్నా మెడల్ కింద పెట్టలేదు. రాత్రి పడుకోబోయే ముందు పిలిచి, నాలుగోసారి ప్రమాణానికి కూడా ఈయనే చేశాడా అని అడిగారు. చేశాడు, 1945ది. యుద్ధం వల్ల ఆ ఏడు వేడుక కూడా వైట్ హౌస్ దగ్గరే సాదాగా జరిపారు. "అయితే అదీ చూడు" అన్నారు.

ఫిలడెల్ఫియాలో ఒకాయన దగ్గర ఉందట. అంచు ఫోటో పంపమన్నాను, వస్తే శనివారం నాన్నని కూడా తీసుకెళ్తాను, దారిలో 30వ వీధి స్టేషన్లో ఆగి ఆ దేవదూతని కూడా చూపించాలి.